సంఘంలో జాతి వివక్ష కనిపిస్తే విశ్వాసి ఏం చేయాలి? బల్ల దగ్గర మొదలుపెట్టండి

"దేవుడు పక్షపాతి కాడు" అని కొర్నేలీ ఇంట్లో నిలబడి చెప్పింది పేతురే. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో ఉంది ఆ సంగతి. ఒక రోమా శతాధిపతి గడప దాటి లోపలికి వెళ్ళి, ఆ ఇంటివాళ్ళకి బాప్తిస్మం ఇవ్వమని ఆజ్ఞాపించాడు. యెరూషలేముకి తిరిగొచ్చాక, "సున్నతి లేనివాళ్ళతో కలిసి భోజనం చేశావేం?" అని నిలదీసినవాళ్ళకి పూస గుచ్చినట్టు జవాబు చెప్పాడు. అదే పేతురు అంతియొకయలో మొదట అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్ళతో, కలిసి తిన్నాడు. యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే మెల్లగా లేచి పక్కకి జరిగిపోయాడు. అతన్ని చూసి మిగతా యూదులూ జరిగారు, చివరికి బర్నబా కూడా. గలతీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో పౌలు దీన్ని దాచకుండా రాశాడు.

పేతురు బోధలో ఏ మార్పూ రాలేదు. భోజనానికి కూర్చునే చోటు మాత్రం మారింది.

క్రైస్తవుల మధ్య జాతి వివక్ష ఎక్కువగా ఇలాగే ఉంటుంది. ఎవరిని అడిగినా "దేవుని దృష్టిలో అందరూ సమానమే" అంటారు. అబద్ధమేమీ చెప్పరు, నిజంగానే నమ్ముతారు. కానీ ఎవరి పక్కన కూర్చుంటాం, ఎవరింటికి వెళ్తాం, ఎవరి చేతికి మైకు ఇస్తాం, ఎవరింటి పిల్లని చేసుకుంటాం అన్న దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. అందుకే ఏం నమ్మాలన్నది ఇక్కడ తక్కువగా, ఏం చేయాలన్నది ఎక్కువగా రాస్తున్నాను. రంగు, దేశం, తెగ, భాష, దేన్ని బట్టి చిన్నచూపు చూసినా ఈ అడుగులు పనికొస్తాయి. కులానికి పనికిరావని ఎవరూ అనుకోనక్కర్లేదు.

మొదటి అడుగు: మీ బల్ల మీరు చూసుకోండి

"నాలో వివక్ష ఉందా?" అని అడక్కండి. ఆ ప్రశ్నకి మనసు ఎప్పుడూ లేదనే చెప్తుంది. ఇంకా చిన్న ప్రశ్నలు, తప్పించుకోలేని ప్రశ్నలు వేసుకోండి. ఒక కాగితం తీసుకుని జవాబులు పేర్లతో రాయండి. ఈ ఏడాది మీ ఇంట్లో భోజనం చేసిన వేరే జాతివాళ్ళు ఎవరు? మీరు ఎవరింట్లో తిన్నారు? మీ తప్పు ఎవరు ఎత్తిచూపితే మీరు విని సర్దుకున్నారో, ఆ మనుషుల్లో మీ వాళ్ళు కానివాళ్ళు ఎంతమంది? మీకు కష్టమొచ్చినప్పుడు ఎవరిని ప్రార్థన చేయమని అడిగారు?

ఈ చివరి ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. మీరు ఎవరి కోసం ప్రార్థన చేశారన్నది కాదు ప్రశ్న, ఎవరిని మీ కోసం చేయమని అడిగారు అన్నది. వేరే జాతివాళ్ళకి సాయం చేయడం చాలామందికి తేలికే. బట్టలు ఇస్తాం, బియ్యం ఇస్తాం, ఫొటో కూడా దిగుతాం. వాళ్ళ దగ్గర చేయి చాచాల్సి వస్తే మాత్రం ఎక్కడో గుచ్చుకుంటుంది. మంచి సమరయుడి ఉపమానం చదివినప్పుడల్లా మనం సమరయుడి స్థానంలో ఉండి ఆలోచిస్తాం. కానీ యేసు ఆ కథ చెప్పింది ఒక యూదా ధర్మశాస్త్రోపదేశకుడికి. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి స్థానంలో ఉండి, తాను చిన్నచూపు చూసే మనిషి చేతుల్లోంచి సాయం అందుకోవడం అతనికి మింగుడుపడని భాగం. సుఖారు బావి దగ్గర యేసు సమరయ స్త్రీకి ముందు ఏమీ ఇవ్వలేదు. దాహానికిమ్మని అడిగాడు. ఇదే మీకు మొదటి పని: ఈ వారం మీరు చిన్నచూపు చూసే గుంపులోని ఒక విశ్వాసిని, ఇచ్చే నెపంతో కాకుండా, ఏదైనా అడగడానికి కలవండి. ఒక సలహా, ఒక ప్రార్థన, ఏదైనా సరే.

ప్రార్థనలో కూడా "ప్రభువా, నాలో ఏ పాపమున్నా క్షమించు" అని చుట్టచుట్టి పెట్టేయకండి. ఆ జాతి పేరు పలకండి. వాళ్ళ గురించి మీరు చిన్నప్పటి నుంచి విన్న మాట ఏదో అదీ పలకండి. బద్ధకస్తులనా, దొంగలనా, శుభ్రత ఉండదనా, నమ్మకూడదనా? నోటితో అన్నాక అది ఎంత నీచంగా ఉందో చెవులకే తెలుస్తుంది. యోహాను ఒకప్పుడు సమరయుల ఊరి మీద ఆకాశం నుంచి అగ్ని కురిపించమంటావా అని యేసుని అడిగినవాడు (లూకా 9). అపొస్తలుల కార్యములు 8కి వచ్చేసరికి అదే యోహాను పేతురుతో పాటు సమరయకి వెళ్ళి వాళ్ళ మీద చేతులుంచి ప్రార్థన చేశాడు. మనుషులు మారతారు, కానీ దానికి ఆ ఊరికి వెళ్ళాల్సి వచ్చింది.

రెండో అడుగు: వాక్యం పేరుతో చెప్పే అబద్ధాలు ఏరేయండి

వివక్షని సమర్థించే వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు బైబిల్ తెరుస్తారు. అప్పుడు నోరు పడిపోకూడదు. కనీసం మూడు చోట్ల సిద్ధంగా ఉండండి.

ఒకటి, "హాము శాపం". నల్లజాతి వాళ్ళు హాము సంతానమని, నోవహు శాపం వల్ల దాసులయ్యారని కొన్ని శతాబ్దాల పాటు బానిస వ్యాపారానికి సాకుగా చెప్పారు. ఇప్పటికీ అక్కడక్కడ వినబడుతూనే ఉంది. ఆదికాండము 9:25 తీసి చూపించండి. నోవహు శపించింది హామును కాదు, కనానును. 10వ అధ్యాయం 6వ వచనంలో హాము కొడుకులు నలుగురు: కూషు, మిస్రాయిము, పూతు, కనాను. ఆఫ్రికాకి సంబంధించిన కూషు వేరు, కనాను వేరు. ఒంటి రంగు ప్రస్తావన ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు. పైగా ఆ మాట అన్నది నిద్ర లేచిన నోవహు. దేవుడు అన్నట్టు అక్కడ రాసి లేదు. ఇంత పలచని ఆధారం మీద లక్షల మందిని ఓడల్లో గొలుసులతో కట్టి తీసుకెళ్ళారు.

రెండు, పెళ్ళి. "అన్యులతో వియ్యమందకూడదు అని ద్వితీయోపదేశకాండములో ఉంది కదా" అంటారు. ఉంది, 7వ అధ్యాయంలో. వెంటనే కారణం కూడా ఉంది: వాళ్ళు మీ పిల్లల్ని ఇతర దేవతల వైపు తిప్పుతారని. అక్కడ సమస్య విగ్రహారాధన, రక్తం కాదు. రక్తమే అయితే మోయాబీయురాలైన రూతు దావీదుకి ముత్తమ్మ అయ్యేది కాదు, మత్తయి మొదటి అధ్యాయంలో యేసు వంశావళిలో ఆమె పేరు ఉండేది కాదు. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్ళి చేసుకున్నందుకు మిర్యాము, అహరోను అతన్ని విమర్శించారని సంఖ్యాకాండము 12 చెప్తుంది. దేవుని కోపం ఎవరి మీద రగిలిందో, కుష్ఠు ఎవరికి వచ్చిందో ఆ అధ్యాయం చదివినవాళ్ళకి తెలుసు. మోషే భార్యకి మాత్రం రాలేదు.

మూడు, బాబెలు గోపురం. అక్కడ భాషలు తారుమారు చేసి దేవుడే జాతుల్ని వేరు చేశాడు కాబట్టి వేరుగానే ఉండాలి అనే వాదన. దీనికి పెద్ద చర్చ అక్కర్లేదు. పెంతెకొస్తు రోజున ఏం జరిగిందో అడగండి: వేరు వేరు భాషలవాళ్ళు ఒకే సందేశాన్ని తమ తమ భాషల్లో విన్నారు. ఏథెన్సులో పౌలు ఒకని నుంచే ప్రతి జాతి మనుషుల్ని దేవుడు కలిగించాడు అన్నది (అపొ. కా. 17:26), ప్రకటన 7:9లో ప్రతి జనం, ప్రతి వంశం, ప్రతి భాషలోంచి వచ్చినవాళ్ళు ఒకే సింహాసనం ముందు నిలబడింది చూపించండి. అక్కడ వేరు వేరు వరసలున్నట్టు యోహాను రాయలేదు.

మూడో అడుగు: మాట వినబడిన వెంటనే స్పందించండి

ఇది కష్టమైన అడుగు. ఎందుకంటే ఆలోచించుకునే టైమ్ ఉండదు, పైగా అన్నవాడు చాలాసార్లు మన మనిషే అయి ఉంటాడు. బాబాయో, యూత్ లీడరో, ముప్పై ఏళ్ళుగా సంఘానికి సేవ చేస్తున్న పెద్దాయనో. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. రెండు వాక్యాలు చాలు, కానీ అవి ముందే నోటికి వచ్చి ఉండాలి.

జోకు అయితే నవ్వకుండా అమాయకంగా అడగండి: "నాకర్థం కాలేదు, ఇందులో నవ్వాల్సింది ఏముంది?" వివరించమనేసరికి జోకు చచ్చిపోతుంది. పెద్దవాళ్ళు అయితే మర్యాద తగ్గకుండానే చెప్పొచ్చు: "బాబాయ్, మీరంటే నాకు గౌరవం. ఆ మాట మాత్రం నా ముందు అనకండి, వాళ్ళలో నా సహోదరులున్నారు." "వాళ్ళంతా అంతే" అని ఎవరైనా అంటే, "వాళ్ళంతా అంటే ఎవరండీ? మీకు తెలిసిన ఒక్కరి పేరు చెప్పండి" అనండి. చాలామందికి ఒక్క పేరు కూడా రాదు.

వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ అయితే, అక్కడే యుద్ధం మొదలుపెట్టకండి. పంపినవాళ్ళకి ఫోన్ చేసి తీసేయమని చెప్పండి. అయితే గ్రూపులో కూడా ఒక్క లైను పెట్టండి: "ఇది మన సహోదరుల్ని కించపరిచే మాట, దీనితో నేను ఏకీభవించను." ఎందుకంటే ఆ మెసేజ్ ఎవరి గురించో వాళ్ళు కూడా ఆ గ్రూపులో ఉండొచ్చు. మీరు లోపల ఫోన్‌లో ఏం మాట్లాడారో వాళ్ళకి తెలియదు. గ్రూపులో ఎనభై మంది చూసి ఒక్కరూ ఏమీ అనలేదన్నది మాత్రం తెలుస్తుంది.

అప్పటికప్పుడు మాట రాకపోతే? తర్వాత చెప్పండి. "నిన్న మీరన్న మాట గురించి రాత్రంతా ఆలోచించాను" అని మొదలుపెట్టొచ్చు. ఆలస్యమైందని వదిలేయకండి.

నాలుగో అడుగు: బాధపడినవాళ్ళు చెప్పుకోవడానికి వస్తే

ఇక్కడ మంచివాళ్ళే ఎక్కువ చెడగొడతారు. మీ సంఘంలో ఒక వేరే జాతి సోదరి ఆరాధన అయ్యాక మీ దగ్గరికి వచ్చి, "నేను కూర్చోగానే ఆ వరసలో వాళ్ళు లేచి వెనక్కి వెళ్ళిపోయారు" అని చెప్పిందనుకోండి. మన నోటి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "అయ్యో, వాళ్ళ ఉద్దేశం అది కాదులే అమ్మా." ఓదార్చడానికే అంటాం. ఆమెకి వినబడేది మాత్రం, "నువ్వు చూసింది నిజం కాదు" అని. వాళ్ళ ఉద్దేశం ఏమిటో మీకు తెలియదు. ఆమెకి ఏం జరిగిందో ఆమెకి తెలుసు.

అలాగే "ప్రభువు చూసుకుంటాడు", "క్షమించేయ్", "నాకూ ఒకసారి ఇలాగే జరిగింది" ఇవన్నీ మొదటి పది నిమిషాల్లో అనకూడని మాటలు. మీ కళ్ళల్లో నీళ్ళు తిరిగితే తిరగనీయండి, కానీ చివరికి ఆమే మిమ్మల్ని ఓదార్చాల్సిన పరిస్థితి తేకండి. పూర్తిగా వినండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు అన్నది అడగండి. పోలీసు విచారణలా కాకుండా, సీరియస్‌గా తీసుకుంటున్నారని ఆమెకి తెలిసేలా. "మొదటిసారా, ఇంతకుముందు కూడా జరిగిందా?" అని అడగండి. ఈ ప్రశ్నకి వచ్చే జవాబుకి మీరు సిద్ధంగా ఉండాలి, చాలాసార్లు అది మొదటిసారి కాదు. ఆ తర్వాత, "ఇప్పుడు నేనేం చేస్తే బాగుంటుంది?" అనండి. పెద్దలతో మాట్లాడమంటే మాట్లాడండి. ఎవరికీ చెప్పొద్దంటే ఆమె అనుమతి లేకుండా ప్రార్థన అంశంగా కూడా బయటపెట్టొద్దు. ప్రార్థన అంశాల పేరుతో మన సంఘాల్లో ఎన్ని గుట్లు రట్టవుతాయో వేరే చెప్పాలా.

వచ్చే ఆదివారం వెళ్ళి ఆమె వరసలో కూర్చోండి. మీ కుటుంబంతో సహా.

ఐదో అడుగు: ఆ దెబ్బ మీకే తగిలితే

ఇప్పటిదాకా రాసింది చూసేవాళ్ళ కోసం, చేసేవాళ్ళ కోసం. చదువుతున్న మీకే అలా జరుగుతుండొచ్చు.

క్షమించడం అంటే జరిగింది జరగలేదని చెప్పడం కాదు. పగ తీర్చుకోవడం మీ చేతుల్లోంచి దేవుని చేతుల్లో పెట్టడం (రోమా 12:19). అది చేస్తూనే న్యాయం అడగొచ్చు. ఫిలిప్పీలో పౌలునీ సీలనీ "వీళ్ళు యూదులు, మన పట్టణాన్ని గలిబిలి చేస్తున్నారు" అని జాతి పేరెత్తి అధికారుల ముందుకి లాక్కెళ్ళారు. విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరసాలలో వేశారు. మర్నాడు అధికారులు గుట్టుచప్పుడు కాకుండా వదిలేయమని కబురు పంపారు. పౌలు ఏమన్నాడు? మేము రోమీయులం, బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్ళే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకురావాలి అన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు (అపొ. కా. 16). రాత్రి చెరసాలలో కీర్తనలు పాడినవాడే పొద్దున చట్టం అడిగాడు. ఈ రెండూ ఒకే విశ్వాసంలో ఇముడుతాయి. ఉద్యోగంలోనో, అద్దె ఇంటి విషయంలోనో మీకు అన్యాయం జరిగితే, మీరున్న దేశపు చట్టం ఇచ్చిన దారిలో ఫిర్యాదు చేయడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు.

సంఘంలోనే జరుగుతుంటే ఉండాలా, వెళ్ళిపోవాలా? దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. 18వ శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియాలో సెయింట్ జార్జ్ మెథడిస్ట్ చర్చిలో నల్లజాతి విశ్వాసులు మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉండగా, ఒక ట్రస్టీ వచ్చి అబ్సలోమ్ జోన్స్ అనే ఆయన్ని పట్టుకుని పైకి లాగబోయాడు, ఇక్కడ మోకరించకూడదని. "ప్రార్థన అయ్యేదాకా ఆగండి" అన్నాడు జోన్స్. ఆగలేదు. ప్రార్థన ముగిశాక వాళ్ళంతా ఒక్కటిగా లేచి బయటికి నడిచారు. వాళ్ళలో ఒకడైన రిచర్డ్ అలెన్ ఆ తర్వాత బెతెల్ సంఘాన్ని కట్టాడు. 1816లో ఆఫ్రికన్ మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి ఏర్పడింది, అలెన్ దానికి మొదటి బిషప్. వాళ్ళు సంఘాన్ని చీల్చారని నేను అనను. ప్రార్థనలో ఉన్న మనిషి భుజం పట్టి లాగిన క్షణంలోనే అది చీలింది. మీరు ఉండి పోరాడే బలం ఉంటే ఉండండి. మీ పిల్లల మనసులు విరిగిపోతుంటే వెళ్ళండి. వెళ్ళేటప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పి వెళ్ళండి, "పర్సనల్ రీజన్స్" అని రాయకండి.

ఆరో అడుగు: పెద్దల దగ్గరికి ఎలా వెళ్ళాలి

మత్తయి 18 ప్రకారం ముందు ఒంటరిగా వెళ్ళి మాట్లాడాలి అని అందరికీ తెలుసు. ఇద్దరి మధ్య జరిగిన తప్పుకి అదే పద్ధతి. కానీ పౌలు పేతురుని అంతియొకయలో అందరి ఎదుటా నిలదీశాడు. ఎందుకు? పేతురు బల్ల దగ్గర నుంచి పక్కకి జరిగింది అందరి ఎదుటా. అతన్ని చూసి మిగతావాళ్ళు నేర్చుకున్నారు. ప్రసంగ వేదిక మీద నుంచి ఒక జాతిని వెక్కిరిస్తే, ఆ తర్వాత గదిలో చెప్పే సారీ సరిపోదు. అదే వేదిక మీద చెప్పాలి. ఎవరైనా మీతో "మత్తయి 18 పాటించలేదు" అంటే గలతీయులకు 2 కూడా చదవమని వినయంగా చెప్పండి.

వెళ్ళేటప్పుడు ఆవేశం కాదు, వివరాలు తీసుకెళ్ళండి. తేదీ, మాట, విన్నవాళ్ళు. "మన సంఘంలో వివక్ష ఉంది" అంటే వాళ్ళు బాధపడి సమావేశం ముగిస్తారు. "గత మూడు సంవత్సరాల్లో వాక్యం చెప్పినవాళ్ళ జాబితా ఇది, ఇందులో ఫలానా వాళ్ళు ఒక్కరూ లేరు" అంటే జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఏడో అడుగు: పద్ధతి మార్చండి, ప్రోగ్రాం పెట్టకండి

వివక్ష మీద ఫిర్యాదు రాగానే చాలా సంఘాలు చేసే పని ఒక ప్రత్యేక ఆదివారం పెట్టడం. అన్ని భాషల్లో పాటలు, రంగురంగుల బట్టలు, ఆ తర్వాత భోజనం. మంచిదే. సోమవారం నుంచి కమిటీలో అవే పేర్లు.

అపొస్తలుల కార్యములు 6లో యెరూషలేము సంఘం ఏం చేసిందో నిదానంగా చూడండి. గ్రీకు భాష మాట్లాడే యూదుల విధవరాళ్ళని రోజువారీ ఆహార పంపిణీలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు వచ్చింది. అపొస్తలులు "మీరు ఐక్యతని పాడుచేస్తున్నారు" అనలేదు. లెక్కలు చూపించి వాదించనూ లేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఎన్నుకోమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాదు, అంతియొకయ నుంచి వచ్చి యూదుల మతంలో చేరినవాడు. పేర్లని బట్టి చూస్తే, ఫిర్యాదు చేసినవాళ్ళ పక్షానికే పంపిణీ అప్పగించారు, తమ విధవరాళ్ళకి వచ్చే భోజనంతో సహా. దీనికి ఎంత నమ్మకం కావాలో ఊహించండి. వాక్యం వ్యాపించింది అని ఆ వెంటనే 7వ వచనంలో ఉంది.

దీనికి పూర్తి ఎదురు నడక దక్షిణాఫ్రికాలో జరిగింది. అక్కడి డచ్ రిఫార్మ్డ్ చర్చి 1829లో ప్రభువు బల్ల దగ్గర రంగు తేడా లేకుండా అందరూ కలిసే పాల్గొనాలని తీర్మానించింది. 1857లో అదే సంఘపు సినడ్ (పెద్దల మహాసభ), కలిసి ఉండడమే వాక్యానుసారం అని ఒప్పుకుంటూనే, "కొందరి బలహీనత" వల్ల తెల్లవాళ్ళు కాని విశ్వాసులకి వేరే భవనంలో ఆరాధన పెట్టుకోవచ్చు అంది. బలహీనత ఎవరిది? పక్కన కూర్చోలేని తెల్లవాళ్ళది. ఆ బలహీనతకి అందరూ సర్దుకున్నారు. 1881కి వేరే సంఘమే ఏర్పాటైంది. 1948లో అపార్తైడ్ (రంగుని బట్టి జనాన్ని చట్టంతో వేరు చేయడం) ప్రభుత్వ విధానమయ్యేసరికి దాన్ని సమర్థించే వేదాంతం సిద్ధంగా ఉంది. ఒక బల్ల దగ్గర చేసిన చిన్న సర్దుబాటు అది. మీ సంఘంలో "వాళ్ళకి ఇబ్బందవుతుంది, కాస్త సర్దుకుందాం" అని ఎవరైనా అంటే, ఏ పక్షాన్ని సర్దుకోమంటున్నారో అడగండి.

కాబట్టి అడగాల్సినవి ఇవి: ప్రభువు బల్ల ఎవరు వడ్డిస్తున్నారు, డబ్బు లెక్కలు ఎవరి చేతిలో ఉన్నాయి, కొత్త కాపరిని ఎంచే కమిటీలో ఎవరున్నారు, సంఘపు భాష రానివాళ్ళకి అనువాదం ఉందా. అంతియొకయ సంఘంలో ప్రవక్తలు, బోధకుల జాబితాలో (అపొ. కా. 13:1) సైప్రస్ నుంచి వచ్చిన బర్నబా, ఆఫ్రికా తీరపు కురేనే నుంచి వచ్చిన లూకియ, హేరోదుతో కలిసి పెరిగిన మనయేను, తార్సు వాడైన సౌలు ఉన్నారు. తలుపు దగ్గర వందనాలు చెప్పే పనికి పరిమితం చేయలేదు ఎవరినీ.

ఎనిమిదో అడుగు: తప్పు మీదైతే

"ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి" అన్నది ఒప్పుకోలు కాదు. "ఉంటే" అన్న మాట తీసేయండి. ఏం అన్నారో, ఏం చేశారో చెప్పండి. కారణాలు చెప్పకండి. వెంటనే క్షమించమని ఒత్తిడి చేయకండి, వాళ్ళకి టైమ్ ఇవ్వండి.

1990 నవంబరులో దక్షిణాఫ్రికాలోని రస్టెన్‌బర్గ్‌లో సంఘాల నాయకులు సమావేశమైనప్పుడు, విల్లీ జాన్కర్ అనే డచ్ రిఫార్మ్డ్ వేదాంతి లేచి, అపార్తైడ్ విషయంలో తన సొంత పాపాన్నీ, తన సంఘపు పాపాన్నీ ఒప్పుకున్నాడు. ముందు తనది, తర్వాత సంఘానిది. ఆ వరస గమనించండి. నల్లజాతి ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ లేచి ఆ ఒప్పుకోలుని స్వీకరించాడు. అమెరికాలో బానిసల యజమానుల పక్షాన 1845లో ఏర్పడిన సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1995లో క్షమాపణ తీర్మానం చేసింది. నూట యాభై ఏళ్ళు పట్టింది. మీరు అంతకాలం తీసుకోనక్కర్లేదు.

మాటతో ఆగకండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మీ మాట వల్ల ఒకరి ఉద్యోగం పోయి ఉంటే, పెళ్ళి సంబంధం చెడి ఉంటే, బాధ్యత చేజారి ఉంటే, వెళ్ళి ఎవరి దగ్గర ఆ మాట అన్నారో వాళ్ళ దగ్గరే వెనక్కి తీసుకోండి.

పిల్లల సంగతి

పిల్లలకి పాఠం చెప్పడం కంటే ఇంటికి ఎవరు వస్తారో చూసుకోండి. రంగు గురించి పిల్లలు గట్టిగా ప్రశ్న అడిగితే నోరు మూయించకండి, మామూలుగా జవాబు చెప్పండి. "ఎండలో తిరక్కు, నల్లబడతావ్" అని రోజూ అంటూ ఆదివారం సమానత్వం నేర్పలేం.

"కాస్త ఆగండి" అంటే

ఇవన్నీ చేస్తుంటే ఎక్కువగా వినబడే మాట "తప్పు" అని కాదు, "ఇప్పుడు కాదు" అని. 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు నల్లజాతి వాళ్ళ నిరసనలు సమయం కాని సమయంలో జరుగుతున్నాయని, ఓపిక పట్టాలని ప్రకటన ఇచ్చారు. మార్టిన్ లూథర్ కింగ్ జైల్లోంచి వాళ్ళకి జవాబు రాశాడు ఏప్రిల్‌లో. అదే ఏడాది సెప్టెంబరు 15న, ఆదివారం పొద్దున, ఆ ఊళ్ళోనే 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రువాండాలో 1994 నాటికి జనంలో అత్యధికులు బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే. అయినా తెగ పేరుతో తుత్సీ తెగవాళ్ళని చంపినప్పుడు, ప్రాణం కాపాడుకోవడానికి చర్చిల్లోకి పరిగెత్తినవాళ్ళని ఆ చర్చిల్లోనే నరికారు. అలా జరిగిన వాటిలో ఒకటైన న్తరామా చర్చి ఇప్పుడు స్మారక స్థలం.

అందుకని పెద్దలు "ఆలోచిద్దాం, టైమ్ ఇవ్వండి" అంటే కోప్పడకుండా ఒప్పుకోండి, కానీ ఒక తేదీ అడగండి. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేస్తారో మినిట్స్‌లో రాయించండి. ఆ కాపీ ఒకటి, ఫిర్యాదు చేసిన సోదరుడికో సోదరికో కూడా ఇవ్వమనండి. ఆ తేదీకి ఏమీ జరగకపోతే మళ్ళీ వెళ్ళండి, ఈసారి ఇద్దరు ముగ్గురిని వెంటబెట్టుకుని.